నల్లనది ఒడ్డున రబ్బరు నగరం

పిల్లలూ, మీ దగ్గర దక్షిణ అమెరికా పటం ఉంటే తీసి ముందు పెట్టుకోండి. ఖండం పైభాగంలో, పడమటి నుంచి తూర్పుకు పారి అట్లాంటిక్ మహాసముద్రంలో కలిసే పెద్ద నది ఒకటి కనిపిస్తుంది. అదే అమెజాన్. అది సముద్రంలో కలిసే చోట వేలు పెట్టి, నది వెంట మెల్లగా పడమటికి జరపండి. చుట్టూ అంతా పచ్చరంగే. ఊళ్ళ పేర్లు చాలా తక్కువ. సుమారు 1,500 కిలోమీటర్లు లోపలికి వెళ్ళాక, వాయవ్యం నుంచి వచ్చి కలిసే ఒక ఉపనది పక్కన "మనౌస్" అన్న పేరు మీ వేలికి తగులుతుంది.

నాకు చిన్నప్పటి నుంచీ పటాలు చూడటం సరదా. ఏ ఊరి పేరు చూసినా, "ఈ ఊరు ఇక్కడే ఎందుకు పుట్టింది?" అని అడగటం నా అలవాటు. చాలా ఊళ్ళకు జవాబు సులభంగానే దొరుకుతుంది. ఒకచోట మంచి రేవు ఉంటుంది, ఒకచోట గని ఉంటుంది, ఇంకొకచోట నాలుగు దారులు కలుస్తాయి. కాని మనౌస్ దగ్గర నా వేలు ఆగిపోయింది. బ్రెజిల్ దేశంలోని ఈ నగరంలో, 2022 జనాభా లెక్కల ప్రకారం, 20 లక్షలకు పైగా జనం ఉన్నారు. అంత దట్టమైన అడవి నడుమ అంత పెద్ద నగరం ఎలా వచ్చింది? నేను ఆ నగరాన్ని కంటితో చూడలేదు. చదివి తెలుసుకున్నదే మీకు చెబుతాను.

ముందు అక్కడి నీళ్ళ సంగతి. మనౌస్ ఉన్నది అమెజాన్ ఒడ్డున కాదు, రియో నెగ్రో ఒడ్డున. పోర్చుగీసు భాషలో ఆ మాటకు నల్లనది అని అర్థం. నిజంగానే ఆ నీరు దూరం నుంచి నల్లగా ఉంటుంది. గ్లాసులో పోసి చూస్తే పాలు కలపని తేనీరులా ఉంటుంది. అది మురికి కాదు. అడవిలో రాలిన ఆకులూ కొమ్మలూ నీటిలో నాని కుళ్ళటం వల్ల వచ్చిన రంగు. కావాలంటే మీరూ ఎండుటాకులు గుప్పెడు ఒక సీసా నీళ్ళలో వేసి నాలుగు రోజులు ఉంచండి. రంగు దిగటం కనిపిస్తుంది. ఆ నీటిలో ఆమ్లగుణం ఉండటం వల్ల దోమలు కూడా అందులో అంతగా పెరగవు.

నగరానికి కొద్ది దూరంలో ఈ నల్లనది అసలు అమెజాన్‌తో కలుస్తుంది. ఆ కలిసే చోటికి ఎగువన అమెజాన్‌ను బ్రెజిల్ వారు సొలిమోయిస్ అంటారు. అది ఆండీస్ పర్వతాల నుంచి మట్టిని మోసుకు వస్తుంది కనుక దాని నీరు పాలు కలిపిన కాఫీలాగా ఉంటుంది. చిత్రమేమిటంటే, ఈ రెండు నదులూ కలిసిన వెంటనే కలగలిసిపోవు. ఒకవైపు నలుపు, ఒకవైపు గోధుమరంగు, నడుమ గీత గీసినట్టుగా సుమారు ఆరు కిలోమీటర్లు పక్కపక్కనే పారుతాయి. నల్లనది గంటకు సుమారు రెండు కిలోమీటర్ల చొప్పున నింపాదిగా నడుస్తుంది. సొలిమోయిస్ అంతకు రెండు మూడింతల వేగంతో వస్తుంది. నల్లనది నీరు కాస్త వెచ్చన. మట్టి లేదు కనుక తేలిక కూడా. ఈ తేడాల వల్లనే అవి ఒకటి కావటానికి అంత దూరం పడుతుంది.

ఇంకొక విశేషం. అక్కడ నది ఏడాదిలో ఒకసారి ఎదిగి, ఒకసారి తగ్గుతుంది. ఎక్కువ మట్టానికీ తక్కువ మట్టానికీ తేడా సాధారణంగా పది మీటర్లు. అంటే మూడంతస్తుల మేడ ఎత్తు! అందుచేత ఒడ్డున బీదవాళ్ళ ఇళ్ళు ఎత్తైన కొయ్య గుంజల మీద నిలబడి ఉంటాయి. ఓడలు ఆగే రేవును తేలే రేవుగా కట్టారు. నది లేస్తే రేవు లేస్తుంది, నది దిగితే అదీ దిగుతుంది. అక్కడ 1902 నుంచీ నది మట్టాన్ని కొలిచి రాస్తూనే ఉన్నారు.

ఇక నగరం కథ. 1542లో ఒరెల్లానా అనే స్పెయిన్ వాడు పడవల మీద అమెజాన్ వెంట దిగుతూ ఈ నల్లనీటిని చూశాడు. నదికి ఆ పేరు పెట్టింది అతని బృందమే. 1669లో పోర్చుగీసు వారు ఇక్కడ ఒక చిన్న కోట కట్టారు. కాని ఆ నేల అప్పటికే ఖాళీగా లేదు. మనావోస్ మొదలైన ఆదివాసీ జాతులు అక్కడ నివసిస్తుండేవి. పోర్చుగీసు వారు వారిని బానిసలుగా పట్టుకుపోయేవారు. మనావోస్ నాయకుడు అజురికాబా వారికి ఎదురు తిరిగి పోరాడాడు. 1727లో అతన్ని పట్టుకుని, సంకెళ్ళు వేసి, పడవలో దిగువకు తీసుకుపోతుంటే అతను సంకెళ్ళతోనే నదిలోకి దూకి ప్రాణం విడిచాడు. తరవాత 1856లో ఆ ఊరికి మనౌస్ అన్న పేరు స్థిరపడింది. ఏ జాతిని ఆ ఊరివారు బానిసలను చేశారో, ఆ జాతి పేరే ఆ ఊరికి మిగిలింది.

అప్పటికీ అది చిన్న ఊరే. దాన్ని మహానగరం చేసింది ఒక చెట్టు. ఆ అడవిలో పెరిగే ఒక చెట్టుకు గాటు పెడితే తెల్లని పాలు కారతాయి. ఆ పాలతో ఆదివాసులు ఎగిరే బంతులూ, నీరు దిగని సంచులూ ఎన్నో తరాల నుంచీ చేసుకునేవారు. అదే రబ్బరు. ఐతే పచ్చి రబ్బరు ఎండకు జిగటవుతుంది, చలికి పెళుసవుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన రబ్బరులో గంధకం కలిపి వేడిచేస్తే ఆ దోషం పోతుందని కనిపెట్టాడు. 1888లో డన్‌లప్ సైకిలుకు గాలి టైరు తయారుచేశాడు. ఆ తరవాత మోటారు కార్లు వచ్చినవి. లోకమంతా రబ్బరు కావాలన్నది. మంచి రబ్బరు చెట్టు పుట్టిల్లు అమెజాన్ అడవి. అక్కడి రబ్బరు ఓడలకెక్కే పెద్ద రేవులలో ఒకటి మనౌస్.

ఇంకేం! డబ్బు వరదలా వచ్చింది. అడవి నడుమ విద్యుద్దీపాలు వెలిగాయి. 1899లో విద్యుత్ ట్రాములు నడిచాయి. 1896 డిసెంబరు 31న ఒక గొప్ప నాటకశాల ప్రారంభమయింది. దాని పేరు తియాత్రో అమెజోనాస్. ఇనుము స్కాట్లండు నుంచి, పాలరాయి ఇటలీ నుంచి తెప్పించారు. గుమ్మటం మీద 36,000 రంగుపెంకులు పరిచారు. వాటిలో బ్రెజిల్ జెండా రంగులు కనిపిస్తాయి. ఇదంతా సముద్రం దాటి, అంత దూరం నది ఎక్కి వచ్చింది!

ఆ నాటకశాల బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఇంకొక మనిషి గుర్తుకు వస్తాడు. అతను ఆ నాటకశాలలో ఎన్నడూ కూర్చోలేదు. అతను అడవిలో రబ్బరు తీసే కూలివాడు.

1877లో బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో ఘోరమైన కరువు వచ్చింది. అక్కడివారు వేలకు వేలుగా బతుకుతెరువు కోసం అమెజాన్‌కు వచ్చారు. కూలివాడు తెల్లవారకముందే లేచి, నెత్తిన దీపం కట్టుకుని అడవిలోకి పోయేవాడు. అక్కడ రబ్బరు చెట్లు తోటలాగా ఒకచోట ఉండవు. ఒకటి ఇక్కడ, ఒకటి ఎంతో దూరాన. నూరు, నూటయాభై చెట్లకు గాటు పెట్టి చిప్పలు కట్టి, మళ్ళీ అదే దారిన తిరిగి పాలు పోగుచేసి, సాయంకాలం పొగలో కూర్చుని ఆ పాలను ముద్దకట్టేవాడు. అతను వచ్చిన పడవ కిరాయీ, కత్తీ, తిండిగింజలూ అన్నీ యజమాని అప్పుగా ఇచ్చినవే. యజమాని చెప్పిందే ధర. ఎంత పనిచేసినా అప్పు తీరేది కాదు. తీరందే కదలనిచ్చేవారు కారు. ఆదివాసుల గతి ఇంకా హీనం. ఎగువన పుటుమయో నది ప్రాంతంలో వారిని కొట్టి, చంపి రబ్బరు తీయించారు. 1910లో రోజర్ కేస్‌మెంట్ అనే బ్రిటిష్ అధికారి అక్కడికి వెళ్ళి విచారించి, ఆ దారుణాలను బయటపెట్టాడు.

కాని నగరంలో సంబరాలు మొదలయ్యేనాటికే దాని అదృష్టం ఓడెక్కి వెళ్ళిపోయింది. 1876లో హెన్రీ వికమ్ అనే ఇంగ్లీషువాడు అమెజాన్ దిగువ ప్రాంతం నుంచి సుమారు 70,000 రబ్బరు విత్తనాలు లండన్ దగ్గరి క్యూ తోటకు చేర్చాడు. వాటిలో మొలిచినవి సుమారు 2,700 మాత్రమే. ఆ మొక్కలను సింహళానికీ, ఆ తరవాత మలయాకూ పంపారు. అక్కడ తోటలు పెరిగాయి. మన కేరళలోని రబ్బరు తోటలు కూడా చాలావరకు ఆ విత్తనాల సంతతే. తోటలో చెట్లు వరసగా ఉంటాయి కనుక పని సులువు, ఖర్చు తక్కువ. 1913 నాటికి తోటల రబ్బరు అడవి రబ్బరును మించిపోయింది. ధరలు పడిపోయినవి. మనౌస్ వ్యాపారులు దివాలా తీశారు.

"మరి అమెజాన్‌లోనే తోటలు వేసుకోవచ్చు గదా?" అని మీరు అడగవచ్చు. వేశారు. 1928లో కార్ల వ్యాపారి హెన్రీ ఫోర్డు అక్కడ పెద్ద తోటలు వేయించాడు. కాని అక్కడ రబ్బరు ఆకులను తినేసే ఒక బూజు తెగులు ఉన్నది. చెట్లు దగ్గర దగ్గరగా ఉంటే అది ఒకదాని నుంచి ఇంకొకదానికి పాకుతుంది. అడవిలో చెట్లు దూరదూరంగా ఉండటమే వాటికి రక్ష! కూలివాణ్ణి అంత నడిపించిన దూరమే చెట్టును కాపాడింది. ఆసియాకు విత్తనాలు వచ్చాయి గాని, తెగులు వాటి వెంట రాలేదు.

మనౌస్ ఎన్నో ఏళ్ళు వెలవెలబోయింది. 1967లో ప్రభుత్వం అక్కడ పన్నులు తగ్గించటంతో ఫ్యాక్టరీలు వచ్చి, టెలివిజన్లూ మోటారు సైకిళ్ళూ తయారుకాసాగాయి. నగరం మళ్ళీ పెరిగింది. 2011లో నల్లనది మీద సుమారు మూడున్నర కిలోమీటర్ల వంతెన కట్టారు. ఐనా సరుకులు ఎక్కువగా ఇప్పటికీ నది మీదనే వస్తాయి. 2021 జూన్‌లో నది మునుపెన్నడూ లేనంతగా 30 మీటర్ల గుర్తు దాటింది. 2023 అక్టోబరులో 12.70 మీటర్లకు దిగి, మునుపెన్నడూ లేనంత తగ్గింది. మరుసటి ఏడాది ఇంకా తగ్గింది. అప్పుడు పెద్ద ఓడలు రాలేక నగరం ఇబ్బందిపడింది.

నీళ్ళు అలా దిగినప్పుడు, రెండు నదులు కలిసే చోటికి దగ్గరలో రాళ్ళ మీద చెక్కిన మనిషి ముఖాలు బయటపడ్డాయి. వెయ్యి, రెండు వేల ఏళ్ళనాటివని పండితుల అంచనా. అంటే కోట కన్నా, రబ్బరు కన్నా, నాటకశాల కన్నా ఎంతో ముందే ఆ ఒడ్డున మనుషులు బతికారు. నది అడుగంటినప్పుడు వారికీ కష్టమే అయి ఉండాలి.

"ఊరు ఇక్కడే ఎందుకు పుట్టింది?" అన్న నా ప్రశ్నకు మనౌస్ ఇంకా రెండు ప్రశ్నలు కలిపింది: "ఈ ఊరు దేని మీద బతుకుతున్నది? ఎవరి కష్టం మీద బతుకుతున్నది?" పిల్లలూ, మీ ఊరి గురించి కూడా ఈ మూడు ప్రశ్నలూ మీ అమ్మానాన్నలనూ, తాతగారినీ అడిగి చూడండి. మీ ఊరు నమ్ముకున్నది రేపు పోతే, చేతిలో ఇంకేం మిగులుతుందో కూడా అడగండి. ఆ జవాబులు భూగోళం పుస్తకంలో దొరకవు.