గోదారి తేమకు తట్టుకునే పెట్టె!

భీమవరం నుంచి ఆకివీడు వెళ్లే దారిలో సుమారు పది కిలోమీటర్ల దూరంలో వస్తుంది ఉండి. కాలువలు, వరిచేలు, వాటిని ఆనుకుని చేపల చెరువులు, రొయ్యల చెరువులు. ఇంకాస్త ముందుకెళ్తే ఉప్పుటేరు, ఆపైన కొల్లేరు. ఎటు చూసినా నీళ్లే. ఇక్కడివాళ్లకు కూడూ గుడ్డా ఇచ్చేది ఆ నీళ్లే. కానీ ఇంట్లో బల్ల కిందున్న కంప్యూటర్ డబ్బాకు మాత్రం ఆ తేమే మొదటి శత్రువు!

ఆ డబ్బాని మనవాళ్లంతా 'సీపీయూ' అనేస్తారు. నిజానికి సీపీయూ అంటే లోపలుండే అగ్గిపెట్టెంత చిప్పు. దాన్నీ మదర్‌బోర్డునీ హార్డ్‌డిస్కునీ కడుపులో దాచుకునే ఇనప పెట్టె పేరు క్యాబినెట్. ప్రాసెసర్ ఏది, ర్యామ్ ఎంత అని పదిసార్లు అడిగేవాళ్లు కూడా క్యాబినెట్ దగ్గరికొచ్చేసరికి 'ఏదో ఒకటి వేసెయ్యండి' అంటారు. అక్కడే వస్తుంది చిక్కు.

ఈ ప్రాంతానికి కంప్యూటర్ కొత్తేం కాదు. 2002 ప్రాంతంలోనే పశ్చిమ గోదావరి జిల్లాలో మండల స్థాయిలో ఈ-సేవ కేంద్రాలు వెలిశాయి. వాటిని నడిపింది స్వయం సహాయక బృందాల మహిళలే. ఆ తర్వాత మీసేవ, 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాయి. ఇప్పుడు పిల్లల చదువుల నుంచి చెరువు మేత లెక్కల దాకా అన్నీ ఆ పెట్టెలోనే. మరి దాన్ని ఎంచుకోవడం ఎలా?

నొక్కి చూడండి... తడిమి చూడండి

పక్క తలుపు మధ్యలో బొటనవేలితో నొక్కండి. డొక్కు డబ్బాలా 'టప్పు'మని లోపలికి పోతే రేకు పల్చన అన్నట్టే. చవక రకాల్లో మందం అర మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. మంచివాటిలో 0.7, 0.8 దాకా ఉంటుంది. రేకు పల్చనైతే ఫ్యాను తిరిగినంతసేపూ మోతే. రెండుసార్లు విప్పితే చాలు, మరలు పట్టు వదిలేస్తాయి.

తర్వాత లోపలి అంచులు. రేకుకు జింకు పూత ఉన్నా, కోసిన అంచు పచ్చిగానే ఉంటుంది. తడిగాలికి తుప్పు ముందుగా పట్టేది అక్కడే. అంచుని లోపలికి మడిచినవైతే తుప్పు తొందరగా పట్టదు, వేళ్లూ తెగవు.

వెనకవైపు కార్డులు పెట్టే గాళ్లకున్న రేకు ముక్కల్నీ గమనించాలి. కొన్నింట్లో వాటిని విరిచి తీయాలి. ఒకసారి విరిస్తే మళ్లీ మూయలేం. ఆ సందులోంచి చీమలు, బల్లులు కాపురానికొచ్చేస్తాయి! మరలతో బిగించే రకమైతే ఆ బెడద ఉండదు.

అద్దాలా... గాలా?

ఈమధ్య క్యాబినెట్లకు అద్దాల తలుపులు, రంగురంగుల లైట్లు వచ్చాయి. చూడ్డానికి ముచ్చటే. కానీ ముందువైపు కూడా మొత్తం అద్దమే అయితే ఫ్యాన్లకు గాలెక్కడిది? ముందునుంచి చల్లగాలి రావాలి, వెనకనుంచో పైనుంచో వేడిగాలి పోవాలి. అందుకే ముందు జాలీ ఉండాలి. దాని వెనక, విప్పి కడుక్కునే దుమ్ము వడపోత ఉంటే మరీ మంచిది. 120 మిల్లీమీటర్ల ఫ్యాను నెమ్మదిగా తిరిగినా 80 మిల్లీమీటర్ల ఫ్యాను వేగంగా తిరిగి తోసేంత గాలిని తోస్తుంది. మోత తక్కువ. దుమ్ము పడకుండా కప్పిన గుడ్డను మాత్రం స్విచ్ వేసేముందు తీసెయ్యాలి సుమా!

జిల్లుమందా... జాగ్రత్త

పెట్టెను తాకితే జిల్లుమంటోందా? చాలాసార్లు అది క్యాబినెట్ లోపం కాదు, ఇంటి ఎర్తు లోపం. కంప్యూటర్‌కు కరెంటు సరఫరా చేసే ఎస్ఎంపీఎస్‌లోని కొద్దిపాటి కరెంటు పెట్టె రేకు మీదుగా భూమిలోకి పోవాలి. ఎర్తు లేకపోతే ఆ దారి మూసుకుపోతుంది, తాకినవాళ్లకు జిల్లుమంటుంది. ఎస్ఎంపీఎస్ నిజంగానే పాడైతే అసలు ప్రమాదం అప్పుడే. తడినేల మీద వట్టికాళ్లతో తిరిగే ఊళ్లలో మూడో పిన్ను విరిచి రెండు పిన్నుల సాకెట్లో దూర్చడమంటే ప్రాణాలతో చెలగాటమే. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు సరిచేయించుకోవాలి.

ఇంతా చేసి పెట్టెకు నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టడం దండగ కాదా? కాదు. బోర్డుల కోసం ఇంటెల్ 1995లో ప్రకటించిన ఏటీఎక్స్ కొలతలే నేటికీ నడుస్తున్నాయి. 305 x 244 మిల్లీమీటర్ల బోర్డు పట్టే పెట్టెలో 244 x 244 మైక్రో ఏటీఎక్స్ బోర్డూ పడుతుంది. అంటే ప్రాసెసర్ మారినా, బోర్డు మారినా పెట్టె అదే ఉండొచ్చు. కొన్నాక దాన్ని నేలమీద పెట్టకండి. జానెడెత్తు చెక్కపీట వేయండి. తుపాను వచ్చి ఇంట్లోకి నీళ్లొచ్చే ఊళ్లు కదా మరి!