వాకిట్లో మొదటి మజిలీ

అమెరికాలో మేము కొన్న మడత గుడారపు బండి కారు వెనక తగిలిస్తే పెట్టె, పిడి తిప్పితే కప్పు లేచి గుడ్డ గోడల గది! వర్జీనియాలోని షెనన్డోవా కొండలకు ప్రయాణం. గొలుసులు, చక్రాలకు అడ్డు చెక్కలు, గ్యాసు సిలిండరు నేను చూసుకున్నాను. మా ఆవిడ ఆవకాయ జాడీతోపాటు కార్బన్ మోనాక్సైడును కనిపెట్టే అలారం కూడా తెచ్చింది. దండగ ఖర్చన్నాను.

ముందురోజు రాత్రి అలవాటు కోసం ఇంటి వాకిట్లోనే అందులో పడుకున్నాం. అక్టోబరు చలికి పిల్లవాడు వణుకుతుంటే, కిటికీలన్నీ బిగించి స్టవ్వు వెలిగించాను. కాసేపటికి అలారం కెవ్వుమంది. రంగూ వాసనా లేని వాయువు కదండీ! దుప్పట్లతో సహా బయటికి పరుగెత్తాం.

3,500 అడుగుల ఎత్తునున్న బిగ్ మెడోస్‌లో స్టవ్వు బయటే పెట్టి ఉప్మా చేసుకున్నాం. రాత్రికి జాడీని కారులో పెట్టి తాళం వేశాం. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి.