పడక నంబరు లేనివాళ్లు

ప్రభుత్వాసుపత్రిలో పొద్దున పాలూ రొట్టే, డాక్టరు రౌండ్సు, మందులు, మధ్యాహ్నం భోజనం అన్నీ పడక నంబరు మీదే నడుస్తాయి. ఆ నంబరు లేకుండానే ఆసుపత్రిలో రాత్రింబవళ్లు గడిపేవాళ్లు ఇంకొందరు ఉంటారు. కూతుర్ని పురిటికి తెచ్చిన తల్లి, జ్వరంతో ఉన్న మనవణ్ని భుజాన వేసుకొచ్చిన తాత, చెల్లెలికి తోడొచ్చిన పదిహేనేళ్ల కుర్రాడు. వీళ్లు పడక పక్కన నేల మీద పడుకుంటారు. రౌండ్సు వేళ బయటికి పొమ్మంటే వరండాలోకి వస్తారు, అక్కణ్నుంచీ పొమ్మంటే ప్రహరీ వారనున్న చెట్టు కిందికి చేరతారు. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రికి నేను వెళ్లింది వీళ్లకోసం. వీళ్లకు ఎవరు ఏం పెడుతున్నారు, ఎప్పుడు పెడుతున్నారు అన్నది చూడ్డానికి.

నర్సీపట్నం మన్యానికి గుమ్మం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు ఊరు అనకాపల్లి జిల్లాకు వచ్చింది. చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాకు వెళ్లాయి. వాళ్ల జిల్లా కేంద్రం పాడేరు. అయినా పురిటి నొప్పులకు, పాము కాటుకు జిల్లా సరిహద్దుతో పనేముంది? చింతపల్లిలో కాదన్న కేసు లంబసింగి ఘాటు దిగి ఇక్కడికి వస్తుంది. ఇక్కడా కాదంటే మరో ఎనభై కిలోమీటర్లకు పైనే, విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి. ఈ ఘాట్లలో రోడ్లకు పాత కథ ఉంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండజనం చేత చాలీచాలని కూలికి, కొన్నిసార్లు అదీ లేకుండా, రోడ్డు పని చేయించాడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దాడులకు వెనకున్న కోపాల్లో అదీ ఒకటి. ఆ మనుషుల మునిమనవలు ఇవాళ 108 అంబులెన్సులో పడుకుని కొండ దిగుతున్నారు.

108 రోడ్డు దాకానే వస్తుంది. కొండ మీది పల్లె నుంచి రోడ్డుకు డోలీయే గతి. కర్రకు దుప్పటి కట్టి, రోగిని అందులో పడుకోబెట్టి, వంతులేసుకుని మోయాలంటే నలుగురైనా, దారి దూరమైతే ఆరుగురైనా కావాలి. కొండ మీది రోగి వెంట ఎప్పుడూ ఇంతమంది ఎందుకొస్తారని కింద వాళ్లు విసుక్కుంటారు. వాళ్లు చుట్టపు చూపుగా వచ్చినవాళ్లు కారు, డోలీ మోసినవాళ్లు. ఈ సంగతి ఎంతమంది సెక్యూరిటీ గార్డులకు తెలుసో మరి.

చెట్టు కింద ఒక తాత తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. గూడెం కొత్తవీధి అవతలి ఊరు. కోడలికి కాన్పు కష్టమై తెచ్చారు.

"ఆరుగురం మోసీసినాం బాబూ. నలుగురు ఎల్లిపోనారు. సేలో పనుంది గదా" అన్నాడు.

"పొద్దున ఏం తిన్నావు తాతా?"

"టీ తాగినాను." కాస్త ఆగి, అదేదో తప్పయినట్టు, "ఆకలి లేదులే" అన్నాడు.

అతని దగ్గర గుడ్డ మూటలో చోడి పిండి ఉంది. అంబలి కాచుకుందామంటే ఆవరణలో పొయ్యి పెట్టనివ్వరు. పెట్టనివ్వకపోవడం సబబే, ఆక్సిజన్ సిలిండర్లున్న చోట నిప్పేమిటి? మరి ఆ పిండి పట్టుకుని అతనెక్కడికి పోవాలన్న ప్రశ్నకు మాత్రం ఎవరి దగ్గరా జవాబు లేదు.

లోపల అతని భార్య కోడలి పక్కన కూర్చుంది. అప్పుడే భోజనం వచ్చింది. 2011 జూన్‌లో కేంద్రం తెచ్చిన జననీ శిశు సురక్షా పథకం కింద బాలింతకు ఆసుపత్రిలో భోజనం ఉచితం. మామూలు కాన్పయితే మూడు రోజులు, సిజేరియన్ అయితే ఏడు రోజులు. మంచి పథకం, సందేహం లేదు. పళ్లెం వచ్చింది. కోడలు నాలుగు ముద్దలు తిని అత్త వైపు జరిపింది. అత్త వద్దంది. కోడలు మళ్లీ జరిపింది. ఆఖరికి అత్త రెండు ముద్దలు తిని, మిగిలింది ఒక గిన్నెలో సర్ది, మూతేసి చెట్టు వైపు బయల్దేరింది. ఒక పళ్లెంలో ముగ్గురు తిన్నారు. రిజిస్టరులో మాత్రం బాలింతకు పూర్తి భోజనం ఇచ్చినట్టే రాస్తారు, ఇచ్చారు కూడా.

నా మటుకు ఈ ఆసుపత్రి దానాల విషయమంతా ఆ గిన్నెలోనే ఉంది. రోగి పళ్లెం రోగికే దక్కాలంటే ముందు పక్కనున్న మనిషికి పెట్టాలి. దాతలు అటెండెంట్లకు పెట్టే అన్నం అదనపు పుణ్యమేమీ కాదు, వైద్యంలో భాగమే. రక్తం తక్కువైన బాలింత సగం తిండితో ఇంటికి పోతే మందుబిళ్లలు ఎన్నిచ్చి ఏం లాభం?

దాతలు లేక కాదు. నర్సీపట్నం పెట్టే చేతులున్న ఊరే. వస్తారు, అయితే వాళ్ల తేదీల్లో వస్తారు. నాయకుడి పుట్టినరోజుకు యాపిల్స్, బ్రెడ్డు ప్యాకెట్లు. హీరో సినిమా విడుదలకు అరటిపళ్లు. పెళ్లిరోజుకు పాలు. ఒకే పొద్దున మూడు బృందాలు దిగిన రోజులున్నాయని వార్డు ఆయమ్మ చెప్పింది. ఆపరేషనుకు నోటికేమీ ఇవ్వొద్దని పడకకు చీటీ కట్టినా, ఆ రోగి చేతిలోనూ యాపిల్ పెట్టి ఫొటో తీసుకుపోయారట. తర్వాత ఆ యాపిల్ ఆయమ్మే తీసి దాచిందట. షుగరు పేషెంటుకు నాలుగు బత్తాయిలొస్తాయి, పక్కన కింద కూర్చున్న కొడుక్కి ఏమీ రాదు. పంచేవాళ్ల చూపు పడక ఎత్తులోనే ఉంటుంది, నేల దాకా దిగదు.

గేటు ఎదుట టీ బండి ఆయన ఇంకో కోణంలో చెప్పాడు. "ఎవలి పుట్టినరోజో మాకు తెలవదు గానండీ, ఆ రోజు మా ఇడ్లీలు మిగిలిపోతాయి." మర్నాడు మామూలే. మర్నాడు అప్పు రాసుకోవాలి. ఆయన నోటుబుక్కులో పేర్లుండవు, ఆనవాళ్లుంటాయి: 'చింతపల్లి ముసలమ్మ', 'ఎర్ర చొక్కా', 'పిల్లల వార్డు'. అందులో ఎంత తిరిగొస్తుందని అడిగితే నవ్వి, చాయ్ గ్లాసులు కడుక్కున్నాడు. ఆసుపత్రి గోడ మీద దాతల పేర్లు చెక్కించే అలవాటున్న చోట ఈయన పేరు ఎవరూ చెక్కరు, ఆయనకూ అక్కర్లేదు.

కార్తీకంలో సంతర్పణలకు కొదవుండదు. కానీ మన్యంలో జ్వరాలు పెరిగేది వానల్లో, ఆషాఢ శ్రావణాల్లో. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు, వాటి పేరున పెట్టే అన్నాలూ ఉండవు. వార్డులు కిటకిటలాడే నెలల్లోనే దానాలు పలచబడతాయని ఆయమ్మ లెక్క. చదువుకున్న లెక్క కాదు గానీ, నాకది నమ్మదగ్గదిగానే తోచింది.

కాలం, వేళ చూడకుండా పెట్టిన మనిషి గోదావరి సీమలో ఉండేది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ ఇంటికి గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులు ఏ జామున తలుపు తట్టినా అన్నం ఉండేదంటారు. 1909లో ఆమె పోయింది. ఇప్పటికీ ఆమె పేరు చెప్పుకుంటున్నామంటే పెట్టిన వంటకాల వల్ల కాదు, తలుపు మూయనందువల్ల. మనం ఆ పేరును మధ్యాహ్న భోజన పథకానికి పెట్టుకున్నాం. అర్ధరాత్రి ఆకలికి ఇంకా ఏ పేరూ పెట్టుకోలేదు.

ప్రభుత్వాలకు ఈ ఆకలి కనపడకపోలేదు. 2022 మేలో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదులోని 18 ప్రభుత్వాసుపత్రుల్లో రోగుల సహాయకులకు ఐదు రూపాయలకే మూడు పూటలా తిండి పెట్టడం మొదలుపెట్టింది. వండి వడ్డించే పని హరేకృష్ణ మూవ్‌మెంట్ వాళ్లకు అప్పగించింది. ఇటు ఆంధ్రలో 2018లో వచ్చి, మధ్యలో మూతపడి, 2024 ఆగస్టు 15న మళ్లీ తెరుచుకున్న అన్న క్యాంటీన్లలోనూ ధర అంతే. ఐదు రూపాయలంటే ఎవరైనా పెట్టుకోగలరు. చిక్కు డబ్బుతో కాదు, కదలడంతో. రోగి దగ్గర ఒక్కరే ఉంటే ఆ ఒక్కరు క్యూలో నిలబడ్డానికి పోలేరు. సెలైన్ అయిపోతుందేమో, డాక్టరు వచ్చి చీటీ రాస్తాడేమో, మందులకు పిలుస్తారేమో. క్యాంటీను వీధి చివరున్నా వార్డు నుంచి చూస్తే దూరమే. అన్నం వార్డు గుమ్మం దాకా రావాలి.

అన్నం తర్వాత కావలసింది మనిషి. ఓపీ చీటీ మీద ఏ గది నంబరు రాసుందో చదివి చెప్పే మనిషి, స్కానింగ్ అంటే ఎటు పోవాలో చూపించే మనిషి. కొండ మీద కువి మాట్లాడే ఇళ్లున్నాయి, ఒడియా యాస ఇళ్లున్నాయి. తెలుగు వచ్చినా ఆసుపత్రి తెలుగు రాదు. 'రిఫర్ చేశాం' అంటే బాగైపోయిందనుకుని మూట సర్దుకున్న వాళ్లున్నారట. కేజీహెచ్‌లో గిరిజన రోగులకోసం ఎస్టీ సెల్ అని ఒకటుంది. అడ్మిషను, రక్తం, తిరుగు ప్రయాణం చూడ్డం దాని పని. అలాంటి ఏర్పాటు ఉన్నచోట కూడా 2023 ఫిబ్రవరిలో ముంచింగిపుట్టు వైపు దంపతులు చనిపోయిన పసిబిడ్డను అంబులెన్సు అందక స్కూటీ మీద పెట్టుకుని పాడేరు దాకా వెళ్లారు. రోగిని తెచ్చే బండి ఉచితం. తిరిగి పోయే దారి గురించి ఎవరో ఒకరు పట్టించుకుంటే తప్ప ఉచితం కాదు.

కొండ మీది వాళ్ల రాకపోకల గురించి ముందుగా ఆలోచించిన పని ఒకటి సాలూరులో జరిగింది. కొండ మీది గర్భిణులను నెలలు నిండకముందే దింపి, వసతిగృహంలో ఉంచి, వేళకు తిండీ పరీక్షలూ చూసుకుని, నొప్పులొస్తే పక్కనే ఉన్న ఆసుపత్రికి పంపడం. డోలీ అవసరమే రాకుండా చేయడమన్నమాట. నర్సీపట్నంలో ఒక ధర్మసత్రం కట్టించాలనుకునే దాత ఎవరైనా ఉంటే ఆ నమూనా ఒకసారి చూసి రావడం మంచిది. గుడికి మండపం కట్టించేంత ఖర్చు ఉండదు.

కూలి సంగతి ఉండనే ఉంది. 2019 డిసెంబరులో ఆంధ్రలో ఆరోగ్యశ్రీ కింద ఆపరేషను అయినవారికి కోలుకునే రోజుల్లో రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 దాకా ఇచ్చే ఆసరా మొదలైంది. మంచంలో ఉన్నవాడికి కూలి పోతుందని ఒక ప్రభుత్వం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. మంచం పక్కన కూర్చున్నవాడికీ కూలి పోతుంది. దాని లెక్క ఎవరూ వేయలేదు.

ఒంటిగంట దాటాక వరండాలో కదలిక. ఆటోలోంచి రెండు పెద్ద గిన్నెలు దిగాయి. సాంబారన్నం, పెరుగన్నం. తెచ్చినాయన రిటైరైన మాస్టారు. తల్లి తద్దినం పేరున ఏటా తెస్తారట. బ్యానరు లేదు, ఫొటో లేదు. అడ్డాకు విస్తళ్లు పరిచి ఆయనే నిలబడి వడ్డించారు. ఆ అడ్డాకులు ఏరి ఎండబెట్టి కుట్టేది కూడా కొండ మీది ఆడవాళ్లే. తాత ఒక విస్తరి చేత్తో తడిమి చూసి, కుట్టు బాగులేదని గొణిగాడు. రెండోసారి అన్నం వేయించుకున్నాడు.

వడ్డన అయ్యాక మాస్టారిని అడిగాను, మధ్యాహ్నమే ఎందుకని.

"తద్దినం భోజనం మధ్యాహ్నమే కదండీ" అన్నారాయన, అదేం ప్రశ్న అన్నట్టు.

గిన్నెలు కడుగుతున్న ఆయమ్మ తలెత్తింది. "మజ్జాన్నం ఎవలో ఒకలు తెస్తారు బాబూ. రాత్రే ఎవలూ రారు. సాయంత్రం డిశ్చార్జి కాయితం ఇస్తారు, అప్పటికి కొండకెళ్లే బస్సు ఎల్లిపోద్ది. ఆ రాత్రికి ఈళ్లకి పడకా ఉండదు, అన్నం లెక్కలోనూ ఉండరు. పిల్లనెత్తుకుని ఈ వరండాలోనే."

మాస్టారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఆలోచనలో పడ్డారు. బ్రాహ్మడి భోజనం ఇంట్లో మధ్యాహ్నమే పెట్టి, ఇక్కడికి రాత్రి తేవచ్చేమో అన్నారు సగం తనలో తాను. తర్వాత ఆమెను అడిగారు, "రాత్రయితే ఎంతమందికి వండించమంటావమ్మా?"

"లెక్క నానెలా సెప్తాను బాబూ? వానొచ్చిందంటే అందరూ ఉండిపోతారు. ఓ యాభై అనుకోండి." గిన్నె బోర్లించి మళ్లీ ఆయన్ని పిలిచింది. "సాంబార్లో కారం మాత్రం తగ్గించండి. ఈళ్లకి పెట్టినా లోపలికి అట్టుకెళ్తారు. బాలింతలు తింతారు."