జహాజ్ వచ్చిందా, పోతోందా?

మా జమ్మలమడుగు ఇంట్లో గోడలకు బొమ్మలుండేవి కావు. తస్వీరున్న ఇంట్లోకి ఫరిష్తాలు రారని అమ్మ నమ్మకం. కాబా క్యాలెండరు, అయతుల్ కుర్సీ పటం, అంతే. అందుకే ప్రొద్దుటూరులో బీఏ చదివేటప్పుడు పాత పుస్తకాల బండి దగ్గర దొరికిన ఒక రంగుల బొమ్మను నా ట్రంకుపెట్టె మూత లోపల అతికించుకున్నాను. ఏదో ఇంగ్లీషు పత్రికలోంచి చింపిన పేజీ. జాన్ అట్కిన్సన్ గ్రిమ్‌షా 1887లో వేసిన ‘వెన్నెల్లో లివర్‌పూల్ రేవు’.

నేను సముద్రం చూడనివాణ్ణి. మాకు నీళ్లంటే పెన్నేరు, అదీ ఏడాదిలో చానా నెలలు ఇసకే. అయినా ఆ బొమ్మ నన్ను వదల్లేదు. వాన వెలిసిన రాత్రి. ఒక పక్క అంగళ్ల అద్దాల్లోంచి పసుపు వెలుతురు తడిరోడ్డు మీద సాగి పడుంటుంది. ఇంకో పక్క ఓడల కొయ్యలు, తాళ్లు, ఆకులు రాలిన కంపచెట్ల మాదిరి. ఆకాశం నల్లగా ఉండదు, పాచి పట్టినట్టు పచ్చగా, పొగగా ఉంటుంది. రోడ్డు మీద మనుషులున్నారు, ఎవరి ముఖమూ తెలీదు. వెన్నెల చల్లన, దీపం వెచ్చన, రెండూ ఒకే తడిలో కలుస్తాయి. దిగులనాలో నెమ్మదనాలో తేల్చుకోలేకపోయేవాణ్ణి.

గ్రిమ్‌షా సంగతి తర్వాత తెలిసింది. 1836లో లీడ్స్‌లో పుట్టినాడు. రైల్వేలో గుమాస్తా. 1861లో ఆ నౌకరీ వదిలి బొమ్మలకే దిగినాడు. తల్లిదండ్రులు నిష్ఠగల బాప్టిస్టులు, కొడుకు బొమ్మలేయడం వాళ్లకు గిట్టేది కాదు. ఫరిష్తాల భయం మా ఒక్క ఇంటిదే కాదన్నమాట! ఆ 1861లోనే అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. అక్కడి పత్తి ఆగిపోతే మన దేశపు పత్తి లివర్‌పూల్ రేవులో దిగి లాంకషైర్ మిల్లులకు పోయింది. మా దత్తమండలాల నల్లరేగడి పత్తికీ గిరాకీ పెరిగింది. ఆ అంగళ్ల వెలుతురు వెనక అలాంటి సరుకుంది. బొమ్మ ఆ మాట చెప్పదు.

సెలవుల్లో అమ్మ నా పెట్టె తెరిచింది. తిడుతుందనుకున్నాను. చానాసేపు చూసి, “జహాజ్ ఆయా క్యా, జారా క్యా?” అని అడిగింది. ఓడ వచ్చిందా, పోతోందా అని.

చెప్పలేకపోయినాను. బొమ్మలో ఆ జవాబు లేదు. అమ్మకు ఓడంటే మా దాదా ఎక్కిన హజ్ ఓడ. అప్పట్లో మా ఊరికి రైలు లేదు. ముద్దనూరులో రైలెక్కి బొంబాయి పోయి, అక్కడ ఓడెక్కినాడు. (ఓడ మీద హజ్ పోవడం 1995తో ఆగిపోయింది.) పోయేముందు ఇంటింటికీ తిరిగి మాఫీ అడిగినాడు, మళ్లీ రానివాడి మాదిరి. వచ్చినాక జంజం నీళ్లు వీధంతా పంచినాడు, రెడ్లకూ శెట్లకూ కూడా.

విలేకరినై నేను పులివెందులలో కాపురం పెట్టినాను. కువైట్‌కు పోయినవాళ్లు మా చుట్టాల్లోనే చానామంది. మా బావా అక్కడే. బావను ఒకసారి చూసొద్దామని పాస్‌పోర్టుకు పెట్టుకుంటే, ఎంక్వైరీకి వచ్చినాయన మా ఇంట్లో టీ తాగుతూ, “తిరిగొస్తారా, అక్కడే ఉండిపోతారా? మీవాళ్లకు అదే కదా సొంత దేశం” అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూనే. కువైట్ పోయే పక్కింటి రెడ్డిగారి పిల్లోణ్ణి అట్లా అడగడు. “తిరిగొస్తాను సార్” అన్నాను. ఆ ‘సార్’ నా నోట్లోంచి ఎందుకొచ్చిందో, తలుచుకుంటే ఇప్పటికీ మంట.

ఆ రాత్రి పెట్టె మూత తెరిచినాను. ఇన్నేళ్లూ నేను ఓడలనే చూసినాను. ఆయన కూడా మమ్మల్ని అట్లాగే చూసినాడు, ఎప్పుడూ రేవులో మూట కట్టుకుని నిలబడ్డవాళ్లుగా. అమ్మ అప్పుడు మా దగ్గరే ఉండేది. పిలిచి, ఆమె ప్రశ్నే ఆమెను అడిగినాను. అమ్మీ, ఓడ వచ్చిందా, పోతోందా?

అమ్మ కళ్లద్దాలు సర్దుకుంది. ఓడ జోలికే పోలేదు. రోడ్డు మీది మనుషులను వేలితో చూపించింది.

“వీళ్లను చూడు. అందరూ ఇండ్లకు పోతాండారు. నేల తడిసింది, జారకుండా పోవాల.”