కౌలాలంపూర్ వానకు కార్తెలు లేవు

మన వైపు వానకు ఒక లెక్క ఉంది. రోహిణిలో ఎండలు మండుతాయి, మృగశిర చల్లబరుస్తుంది, ఆరుద్ర వచ్చేసరికి రైతు పొలంలో ఉంటాడు. ఈ ఊళ్ళో వానాకాలం ఎప్పుడని ఇండియా నుంచి వచ్చిన చుట్టాలు అడిగితే, సాయంత్రం నాలుగు గంటలకు అని మేము నవ్వుతూ చెబుతూ ఉంటాము. అది వట్టి హాస్యం కాదు.

హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడితే, ఇక్కడ సుమారు 2,500 పడుతుంది. పొద్దుటి ఎండకు నేల వేడెక్కుతుంది, మలక్కా జలసంధి గాలి తేమను మోసుకొస్తుంది, సాయంత్రానికల్లా ఉరుములతో కుండపోత. ఋతుపవనాలు రెండూ ఉన్నాయి గాని, రెండింటికీ అడ్డు ఉంది. ఈశాన్య గాలులు తెచ్చే వానలో ఎక్కువ భాగాన్ని తీతీవాంగ్సా కొండలు ఆపి, తూర్పు తీరాన ఉన్న కెలాంతన్, తెరెంగాను రాష్ట్రాలకు ఇచ్చేస్తాయి. నైరుతి గాలులకు సుమత్రా కొండలు అడ్డం. అందుకే గాలి మారే నెలల్లో, అంటే ఏప్రిల్ ప్రాంతంలోనూ అక్టోబరు, నవంబరుల్లోనూ ఇక్కడ వాన ఎక్కువ. జూన్, జులైలలో తక్కువ.

ఇది మామూలు ఏడాది సంగతి. కొన్ని ఏళ్ళు మామూలుగా ఉండవు. దానికి కారణం వేల మైళ్ళ అవతల పసిఫిక్ సముద్రంలో ఉంది. మామూలుగా అక్కడి తూర్పు గాలులు వేడి నీటిని మన వైపుకు నెట్టుకొస్తాయి. ఆ వేడి నీటి మీద గాలి పైకి లేచి, మేఘమై, ఈ దీవులన్నింటి మీదా కురుస్తుంది. రెండు నుంచి ఏడేళ్ళకొకసారి ఆ గాలులు నీరసిస్తాయి. వేడి నీరు పెరూ వైపు జరుగుతుంది, మేఘాలూ దానితోపాటే పోతాయి. ఇదే ఎల్ నీన్యో. గాలులు మరీ బలంగా వీచి వేడి నీరు ఇటే పోగుపడితే అది లా నీన్యా.

ఈ రహస్యానికి మొదటి కొస దొరికింది మన దేశంలోనే. 1899 నాటి పెద్ద కరువు తరవాత, 1904లో గిల్బర్ట్ వాకర్ అనే గణిత శాస్త్రజ్ఞుడు భారత వాతావరణ శాఖ బాధ్యత తీసుకున్నాడు. ఋతుపవనాలు ఎందుకు తప్పుతాయో తెలుసుకోవాలని ప్రపంచంలోని వాయుపీడనాల లెక్కలన్నీ పోగుచేశాడు. పసిఫిక్‌లో ఒక పక్క పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుందని, తక్కెడలా ఊగుతుందని గుర్తించాడు. మన రాయలసీమ పెద్దలు ధాత కరువని చెప్పుకొన్న 1876-78 కరువు వెనక కూడా బలమైన ఎల్ నీన్యో ఉందని శాస్త్రజ్ఞులు తరవాత తేల్చారు.

ఈ ఊరికి ఆ తక్కెడ దెబ్బ బాగా తగిలింది 1997-98లో. ముందు సుమత్రా, కాలిమంతాన్ అడవుల మంటల పొగ ఊరిని కమ్మేసింది. మరుసటి ఏడు క్లాంగ్ లోయ జలాశయాల్లో నీరు పడిపోయి, కుళాయిలకు వంతులు పెట్టారు. రోజూ వాన చూసే ఊళ్ళో జనం లారీ నీటికి బిందెలు పట్టుకుని నిలబడ్డారు.

అయితే ఇక్కడ వాన తగ్గితే మన ఊళ్ళోనూ తగ్గినట్టే అనుకోవద్దు. హిందూ మహాసముద్రానికి కూడా తనదైన ఊపు ఉందని 1999లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. సుమత్రా పక్క నీరు చల్లబడి, ఆఫ్రికా పక్క వేడెక్కితే ఇక్కడ ఎండుతుంది, ఇండియాకు మాత్రం తరచు మేలు చేస్తుంది. 1997లో జరిగింది అదే. అంత బలమైన ఎల్ నీన్యోలోనూ ఇండియా మొత్తం మీద నైరుతి వర్షాలు దాదాపు మామూలుగానే పడ్డాయి. 2019లో కూడా ఇక్కడ పొగకు బడులు మూశారు, అక్కడ మామూలు కన్న ఎక్కువే కురిసింది.

తక్కెడ రెండో వైపు వరద. 2021 డిసెంబరు 18న, లా నీన్యా ఏడాదిలో, ఒక వాయుగుండం ద్వీపకల్పం మీదుగా రాగా, నెల రోజుల వాన ఒక్క రోజులో పడింది. షా ఆలంలోని తామన్ శ్రీ మూడాలో ఇళ్ళ పైకప్పుల మీద జనం సాయం కోసం ఎదురుచూశారు. వరదనీటినీ కార్లనూ మోసే స్మార్ట్ సొరంగం 2007 నుంచి నగరం నడిబొడ్డును కాస్తోంది గాని, శివార్లకు అది అందదు.

ప్రతి ఎద్దడినీ ఎల్ నీన్యో మీదికి నెట్టడం కూడా సరికాదు. 2014 తొలి నెలల్లో నీటి వంతులు వచ్చినప్పుడు ఎల్ నీన్యో లేదు. సముద్రం పందెం మొగ్గును మారుస్తుంది, ఫలితం రాసి ఇవ్వదు. దీని ప్రభావం సబా, సరవాక్‌లలో కనబడినంత ఖచ్చితంగా ఈ ఊళ్ళో కనబడదు.

ఇల్లు నడిపేవారికి మేము చెప్పేది ఇంతే. ఎల్ నీన్యో ప్రకటన వింటే రెండు డ్రమ్ములు కడిగి ఉంచుకోండి, ఉబ్బసం ఉన్నవారికి మాస్కులు కొనిపెట్టండి. లా నీన్యా అంటే పాస్‌పోర్టులు, సర్టిఫికెట్లు పై అరలోకి మార్చండి. పల్లపు వీధిలో ఇల్లు అద్దెకు తీసుకునే ముందు 2021లో నీరు ఎంతవరకు వచ్చిందో పక్కింటివారిని అడగండి. ఏ పంచాంగమూ చెప్పని మాట వారు చెబుతారు.