నీళ్ల సంగతి

దివిసీమలో మా యానాది పిల్లలు కొందరు కాలేజీకి వచ్చేసరికి కళ్లద్దాలు తీసేసి మెత్తని కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుంటామంటున్నారు. అద్దాల చీటీ చూపిస్తే కొట్లో ఇచ్చేస్తారని వాళ్ల నమ్మకం. నంబరొక్కటే చాలదు. పవరు 4 దాటితే అద్దాల నంబరును లెన్సుకు మార్చి లెక్కకట్టాలి. నల్లగుడ్డు వంపు కొలవాలి. నమూనా లెన్సు పెట్టి కాసేపు కూర్చోబెట్టి, రెప్ప వేసినప్పుడల్లా అది కొద్దిగా జరుగుతోందో లేదో చూడాలి. బిగిస్తే కింద కన్నీరు ఆడదు. వదులైతే చూపు చెదురుతుంది.

నిరుడు ఒక పిల్లను గుడివాడ తీసుకెళ్లాం. డాక్టరుగారు ఇవన్నీ ఓపికగా చూసి, నెలంతా వాడే లెన్సులు రాశారు. ఇంట్లో ఏ నీళ్లని మాత్రం అడగలేదు. మేమే చెప్పాం: బిందెలో చెరువు నీళ్లు, సెలవులొస్తే నాగాయలంక మడకాలవల్లో అమ్మతో పీతల వేట. ఆయన చీటీ మళ్లీ రాశారు. లెన్సుకు కుళాయి నీళ్లు కూడా తగలకూడదట. నీళ్లలో ఉండే అకాంతమీబా అనే సూక్ష్మజీవి లెన్సు కింద చేరితే నల్లగుడ్డు పుండై చూపే పోవచ్చు. అందుకే రోజువారీ లెన్సులు, సాయంత్రం పారేసేవి. కడిగే పని లేదు, ఖర్చు మాత్రం ఎక్కువ.

ఇప్పుడు ఆ పిల్ల మచిలీపట్నం కాలేజీలో పరీక్షలకీ, ఆటలకీ లెన్సులు పెట్టుకుంటోంది. కాలవలోకి మాత్రం అద్దాలే, వలతాడుతో తల వెనక్కి కట్టుకుని.