అడగకుండా తీసుకెళ్లిన కేకు

అమెరికాలోని ఎడిసన్‌లో మా పక్కింటివాళ్లు యూదులు. పస్కా మొదటి రాత్రి విందుకు మమ్మల్ని పిలిచారు. దాన్ని వాళ్లు సేదర్ అంటారు. వాళ్ల పెద్దమ్మాయి వీగన్. పాలు, వెన్న, గుడ్డు, చివరికి తేనె కూడా ముట్టదు. "తీపి నేను చేసి తెస్తాను" అని నేనే ముందుపడి చెప్పాను. "ఏమీ వద్దండీ, మీరొస్తే చాలు" అంది పక్కింటావిడ. పండగపూట చేతులూపుకుంటూ వెళ్లడం మనకు అలవాటు లేదు కదా. అది మర్యాదకన్న మాట అనుకున్నాను.

గుడ్డు లేని చాక్లెట్ కేకు నాకు చెయ్యి తిరిగిన పని. మైదా, కోకో, పంచదార, నూనె, నీళ్లు, వంటసోడా, చెంచాడు వెనిగర్. ఆ రోజు బాగా పొంగింది. పైన పంచదార పొడి జల్లి, వేడి ఆరకముందే పట్టుకెళ్లాను.

గుమ్మంలో ఆవిడ పళ్లెం వంక చూసి, "ఇందులో పిండి ఉందా?" అని అడిగింది.

"మైదా అండీ. పాలు, గుడ్డు చుక్క కూడా లేవు."

ఆవిడ గడప దాటి బయటికొచ్చి, వెనకాలే తలుపు దగ్గరకి వేసింది. నా మోచేతి మీద చెయ్యి వేసి, "దీన్ని మీ ఇంట్లో పెట్టి వస్తారా?" అంది. గొంతులో కోపం లేదు. ఆ పళ్లెం పట్టుకుని గడ్డి మీదుగా మా ఇంటికి తిరిగి నడిచిన ఆ ఇరవై అడుగులూ నాకిప్పటికీ గుర్తే. పున్నమి వెన్నెల. పళ్లెం అడుగు అరచేతులకు ఇంకా వెచ్చగానే తగులుతోంది.

పస్కాకు పులియని రొట్టెల పండుగ అన్న పేరు తెలుగు బైబిల్ చదివినవాళ్లకు తెలిసిందే. గోధుమ, బార్లీ, రై, ఓట్స్, స్పెల్ట్, ఈ ఐదు ధాన్యాల పిండికి నీళ్లు తగిలాక 18 నిమిషాల్లోపు కాల్చకపోతే అది పులిసినట్టే లెక్క. పండుగ రోజుల్లో అలాంటిది తినకపోవడమే కాదు, ఇంట్లో ఉండనే కూడదు. ముందురోజు రాత్రి దీపం పట్టుకుని మూలమూలా వెతికి, దొరికిన తునకలను పొద్దున్నే కాల్చేస్తారు. అలా తుడిచిపెట్టిన ఇంటి ముందుకు నేను మైదా కేకుతో వెళ్లాను.

తద్దినం నాడు మా నాయనమ్మ పక్కింటి పిండివంటను గడప దాటనిచ్చేది కాదు. మడి అంటే ఏమిటో చూస్తూ పెరిగినదాన్ని, ఒక్క ఫోన్ చేసి అడిగి ఉండాల్సింది. శాకాహారం సంగతి నాకొకరు చెప్పాలా అనుకున్నాను. తప్పు అక్కడ జరిగింది.

మరుసటి ఏడాది నెల ముందే అడిగాను. వాళ్లు అష్కెనాజీ శాఖ యూదులు. బియ్యం, పప్పులు, మొక్కజొన్న, సోయా కూడా ఆ రోజుల్లో తినరు. నేను జల్లిన పంచదార పొడిలో మొక్కజొన్న పిండి కలుస్తుందట. మామూలు చాక్లెట్‌లో సోయా లెసిథిన్ ఉంటుంది. యూదుల ఆహార నియమాలకు సరిపోతుందని చెప్పే గుర్తు, పొట్లం మీద గుండ్రంలో యు అక్షరం, ఉంటే చాలదు, పక్కన పి ఉండాలి. పి అంటే పారెవ్, అంటే పాలూ మాంసమూ లేనిది అనుకున్నాను. కాదు, అది పస్కా గుర్తు. విందులో మాంసం ఉంటుంది, మాంసంతో పాలు కలపరు కాబట్టి ఆ రాత్రి ఎవరూ పాలతో చేసిన తీపి తినరు. వీగన్ తీపి ఆ ఒక్క అమ్మాయికే అనుకున్నాను గానీ, నిజానికి పాలు లేని తీపి ఇంటిల్లిపాదికీ కావాలి.

ఈసారి వాళ్ల వంటింట్లోనే, పస్కాకని విడిగా దాచుకునే గిన్నెల్లో, పొద్దు వాలకముందే చేశాం. మరిగే నీళ్ల మీద గిన్నె పెట్టి 300 గ్రాముల నల్ల చాక్లెట్ కరిగిస్తున్నాను. తొందరపడి మూత పెట్టాను. మూతకు పట్టిన ఆవిరి చుక్క లోపల పడింది. నిగనిగలాడుతున్న చాక్లెట్ కాస్తా తడి ఇసుకలా ముద్దకట్టేసింది. గుండె గుభేలుమంది. ఆవిడ గరిటె అందుకుని, పెద్ద చెంచాతో వేడినీళ్లు ఒక్కొక్కటే పోస్తూ కలిపింది. ఏడో చెంచాకు మళ్లీ మెత్తబడి జారింది. ఇక పలకలా గట్టిపడదు. అందుకని ఖర్జూరం, బాదం తరుగు, చిటికెడు ఉప్పు కలిపి, విరిచిన మాత్జా అనే పులియని రొట్టె ముక్కల మీద పోశాం.

విందు చివర తినాల్సింది అఫికోమన్ అనే రొట్టె ముక్క. అది తిన్నాక ఆ రాత్రి ఇంకేమీ తినరు. అందుకే చాక్లెట్ పళ్లెం ఖాళీ అయ్యాకే, దాచిన ఆ ముక్కను వెతకమని పిల్లలను పంపారు.